చేపల తీర్పు

“పిల్లను సాకడం తల్లి పని. సృష్టిలో ఏ జీవినైనా చూడు, చేపతో సహా,” అన్నాడు గడియారాలు బాగుచేసే ఆయన, కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే.

నర్సుగా పనిచేసే ఆయన పెళ్ళానికి ఒళ్ళు మండింది. వచ్చే వారం నుంచి పదిరోజుల ట్రైనింగు. వెళ్తే హెడ్ నర్సు, వెళ్ళకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. ఇంట్లోనే కూర్చుని పనిచేసుకునే మనిషికి ఎనిమిది నెలల కన్నకూతురు పది రోజులకే బరువైపోయిందన్నమాట. అయినా గొంతు పెంచలేదు.

“సరే, ఒక చేపల జంటను తెండి. అవి ఎలా చేస్తే మనమూ అలాగే. మాట తప్పకూడదు,” అంది.

ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వీధి చివరి చేపల కొట్టుకు వెళ్ళి, తల్లి మాత్రమే పిల్లల్ని చూసుకునే రకం కావాలని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కొట్టాయన గంభీరంగా తలూపి, లోపలికి వెళ్ళొచ్చి, ఫైటర్ చేపల జంటను చెరొక కవరులో కట్టిచ్చాడు.

నాలుగో రోజుకు మగచేప నీటిమీద నురగతో గూడు కట్టింది. ఏదో సరదాలే అని ఆయన కొట్టిపారేశాడు. మర్నాడు ఆడచేప గుడ్లు పెట్టింది. అంతే, మగచేప జారిపోతున్న ఒక్కో గుడ్డునూ నోటితో ఏరుకొచ్చి గూట్లో అతికించసాగింది. దగ్గరికొచ్చిన తల్లిని తరిమి తరిమి కొట్టింది. తిండి మానేసి గూటి కిందే కాపలా కాసింది. గడియారాలాయన మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు.

“ఆవిడ ఇక్కడుంటే ఆయన పనికి అడ్డం,” అంటూ భార్య ఆడచేపను వేరే గిన్నెలోకి మార్చింది. ఆ చేత్తోనే పిల్లను ఆయన చంకనెక్కించి, సూట్‌కేసు పట్టుకుని బస్సెక్కేసింది.

పిల్ల రాగం అందుకుంది. ఆయనకు ఉక్రోషం ముంచుకొచ్చింది. చంకలో పిల్లతోనే కొట్టు మీదికి వెళ్ళి, తానడిగిందేమిటో, ఇచ్చిందేమిటో చెప్పమని నిలదీశాడు.

గాజుతొట్ల వెనక నుంచి కొట్టాయన మెల్లగా లేచాడు. ఒక భుజాన ఒక పసివాడు, రెండో భుజాన అచ్చం అలాంటివాడే ఇంకొకడు. చొక్కా నిండా పాలు.

“ఏ జంటనివ్వాలో ఆరోజు లోపలినుంచి మా ఆవిడే చెప్పిందండీ,” అన్నాడు నీరసంగా. “మీ ఆవిడ పక్కసీటులోనే వెళ్ళింది, అదే ట్రైనింగుకి.”