కొండచిలువ గెలిచాడా?

"ఇదీ ఒక రెజ్లింగేనా అక్కా? నీ కొండచిలువగాడు దెబ్బ తగలకముందే కూలబడుతున్నాడు. వీడికంటే పిండి బస్తా నయం," అన్నాడు తమ్ముడు, ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో పాత పోటీ చూపిస్తూ.

పక్షవాతం వచ్చి అక్కకు మాట పడిపోయింది. చిన్నప్పటి నుంచీ 'కొండచిలువ' అని పేరుపడ్డ ఆ రెజ్లరంటే ఆమెకు ప్రాణం. కళ్లార్పకుండా చూస్తోంది.

"ఆ పట్టు చూడు, దుప్పటి మడతపెడుతున్నట్టు! రిఫరీకి కళ్లు లేవు. చప్పట్లు కొట్టినవాళ్లకి బుద్ధి లేదు."

మందులివ్వడానికి వచ్చిన నర్సుకు ఒళ్లు మండింది. "ఆవిడ పెదాలు ఎలా వణుకుతున్నాయో కనబడట్లేదా? ఇక ఆపండి."

"వణకనివ్వండి సిస్టర్," అని అక్క మీదికి వంగాడు. "ఫైనల్లో వాడు గెలిచిందెక్కడ? ఉత్త నాటకం! ఆ ఛాంపియన్ బెల్టు వాడు కొనుక్కున్నాడు."

అక్క మెడనరాలు ఉబ్బాయి.

"నీ... మొహం," అంది. "వాడే... గెలిచాడు."

తమ్ముడి చేతిలోంచి ఫోన్ జారి కింద పడింది.

"వాడే గెలిచాడక్కా! వాణ్ణి మించిన మొనగాడు ఇంకా పుట్టలేదు," అంటూ ఆమె చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు. "ఇంకా తిట్టు. నీకు పుణ్యముంటుంది, ఇంకో మాట తిట్టు."