మొరితా గారు ‘హై’ అన్నారు

“రేపు మళ్లీ తవ్వకం మొదలెట్టొచ్చా? అవునా, కాదా?” మిల్స్ దొర మూడోసారి అడిగాడు.

జపాన్ ఇంజినీరు మొరితా గారు తల వంచారు.

“హై” అన్నారు, వాళ్ల భాషలో అవునని. పళ్ల సందున గాలి పీల్చి, వచ్చీరాని ఇంగ్లీషులో “కొంచెం కష్టం” అని చేర్చారు.

“కష్టమన్నాడు, కుదరదనలేదుగా! లాజరూ, ఒప్పుకున్నట్టు టైపు చెయ్యి.”

1985 వేసవి. రాజోలు దగ్గర కొబ్బరితోటల మధ్య గ్యాసు బావి తవ్వుతున్నారు. తవ్వకమంతా అమెరికావాడు మిల్స్ చేతిలో. బావి నోటికి బిగించిన వాల్వు సంగతి మొరితా గారిది. ఆఫీసు టైపిస్టు లాజరు.

రెండ్రోజులుగా ఆ వాల్వు సన్నగా ఈల వేస్తోంది. కొత్తది జపాన్ నుంచి రావాలంటే నెలన్నర పడుతుంది. అన్నాళ్లు ఆగితే గడువు దాటిపోతుంది. మిల్స్ ఉద్యోగం ఊడుతుంది.

లాజరు వేళ్లు కదల్లేదు.

“సార్, ఆ హై మా ‘ఆయ్’ లాంటిదేమోనండి. పెద్దవాళ్లు ఏం చెప్పినా మేం ఆయ్ అంటామండి. విన్నామని అర్థం, ఒప్పుకున్నామని కాదు. ఆపైన కష్టమండీ అన్నామంటే ఇక కుదరదనేనండి.”

“అవన్నీ నాకు తెలీవు. అవునంటే అవునే.”

మొరితా గారు కిటికీలోంచి వాల్వు వైపు చూస్తూ తన భాషలో ఏదో గొణుక్కున్నారు. మిల్స్ కాఫీ కప్పు పెదాల దగ్గర ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత టేబుల్ మీద వేలితో కొట్టాడు. లాజరు టైపు చేసేడు.

మర్నాడు పదకొండింటికి వాల్వు పేలింది. దాని పక్కనే పని చేస్తున్న బుచ్చిరాజు, సత్తిబాబు అక్కడికక్కడే పోయారు. బుచ్చిరాజు లాజరుతో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు.

దుప్పట్లు కప్పిన శవాల ముందు మొరితా గారు మోకరిల్లారు. నుదురు నేలకి ఆనించి ఎంతకీ లేవలేదు.

“తప్పు చేసినోడు కాబట్టే అలా పడున్నాడు” అన్నారు జనం.

విచారణకి ముగ్గురు అధికారులు వచ్చేరు. వాళ్ల ముందు మిల్స్ కళ్లు తుడుచుకున్నాడు.

“మా దేశంలో అవునంటే అవుననే అర్థమండి. వీళ్ల పద్ధతులు నాకేం తెలుసు? ముందే తెలిసుంటే ఆ ఇద్దరూ బతికుండేవాళ్లు.”

“ఆయన అడిగినప్పుడు మీరు ‘హై’ అన్నారా?” మొరితా గారిని అడిగారు.

“హై.”

“పని ఆపమని నోరు తెరిచి చెప్పారా?”

మొరితా గారు లేచి నడుం దాకా వంగారు. “నాదే తప్పు” అన్నారు.

ఒక దేశపు తీరు ఇంకో దేశంవాడికి తెలియక జరిగిన ప్రమాదమని రిపోర్టు రాశారు. మొరితా గారిని వాళ్ల దేశం పంపేశారు. మిల్స్‌ని ఇంకో పెద్ద బావికి అధికారిని చేశారు.

లాజరు బుచ్చిరాజు ఇంటికి వెళ్లేడు. అతని భార్య నాగమణి గోడకి ఆనుకుని కూర్చునుంది.

“ఎవర్ననీ ఏం లాభం లేదమ్మా. ఒకరి మాట ఒకరికి తెలీక జరిగింది” అన్నాడు.

ఆమె తలూపింది.

ఆ మాటతో లాజరుకీ కాస్త ఊపిరాడినట్టయింది. మధ్యాహ్నం ఆఫీసుకి వచ్చి, మిల్స్ ఖాళీ చేసిన గదిలో కాగితాలు సర్దుతుంటే, దొర పాత ఉద్యోగ దరఖాస్తు ఒకటి బయటపడింది.

అందులో మిల్స్ సొంత దస్తూరీతో ఉంది: “పుట్టిందీ, పదిహేడేళ్లొచ్చేదాకా పెరిగిందీ జపాన్‌లోని కోబెలో, ఇంగ్లీషు కంటే ముందు నాకు జపనీసే వచ్చింది.”