ఆకలి ఏ కుప్పది?

పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది గానీ చినుకు రాలలేదు. చందుర్తిలో హన్మండ్లు కూడా అట్లాంటి ముఖమే పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నిన్న చుట్టాల ముందు ఆయన మీసానికేసిన రంగు చూసి భార్య మొగిలవ్వ పకపకా నవ్వింది. అప్పటి నుంచి ఆయన అన్నం ముట్టలేదు. ఆయన తినందే ఆమె తినదు.

కూతురు వసంత పక్కనే కూర్చుని కాలేజీ పరీక్షకు చదువుతోంది. "బాపూ, పుట్టి పోయేటియన్ని ఐదు కుప్పలు వోసిండ్రట బౌద్ధ పండితులు."

"వడ్లోలెనా? మరి నా కోపం ఏ కుప్పల వడ్డది?"

"సంస్కారాల కుప్పల. అంటే మనసుల లేశేటియి."

"ఆకలి?"

వసంత పేజీ తిప్పింది. "గది రూపం కుప్పల. చలి, బరువు, దూప, ఆకలి, అన్ని ఒంటికి తెలిసేటియట."

"అంటే రెండు ఒక్కటి గాదా?"

"కాదు. బువ్వ తిన్నా నీ కోపం నీకే ఉంటది."

"దానికి గూడ రంగెయ్యమను!" లోపలి నుంచి మొగిలవ్వ అరిచింది.

హన్మండ్లు నవ్వు ఆపుకున్నాడు. "మరి మీ అవ్వ ఆకలి?"

"గదీ నీ ఆకలి ఉన్న కుప్పలనే, బాపూ."

ఆయన లోపలికి తొంగి చూశాడు. తర్వాత లేచి చేతులు కడుక్కున్నాడు. "అందరికి వెట్టు" అన్నాడు, కోపంగానే.

ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. ముఖం చిట్లించుకునే హన్మండ్లు మామిడి తొక్కు మొదట భార్య కంచంలో వేశాడు.