తేటగా ఉంటే

"పిల్లలు వద్దమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?" డాక్టర్ జనార్దన్ విసుక్కున్నాడు.

సుమిత్ర లేవలేదు. పక్కనే ఆమె భర్త భాస్కర్ తల వంచుకుని కూర్చున్నాడు. మిర్యాలగూడలో ఈ క్లినిక్‌కు వాళ్లు రావడం కొత్త కాదు. ఈసారి మాత్రం సుమిత్ర వేములపల్లి నుంచి చెల్లెలు పుష్పను కూడా రమ్మంది. ఆమె పాలు తాగే పాపతో బయట బెంచీ మీద ఉంది.

"షుగరున్నోళ్లు కంటలేరా సార్?"

"కంటున్నారు. షుగర్ ఉన్న అందరికీ కిడ్నీలు చెడిపోవు. కానీ మీ అమ్మ అట్లాగే పోయింది, మీ అన్నా అట్లాగే పోయాడు. మీ ఇంటి రక్తంలోనే ఏదో ఉంది. నీ కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిని ఉంటే, కాన్పు నీ ప్రాణం మీదికొస్తుంది."

"దెబ్బతినకపోతే?"

డాక్టర్ ఆమె మొహంలోకి చూశాడు. మెత్తబడ్డాడు.

"సరే, మూత్రం పట్టుకురా. కాచినా తేటగా ఉంటే కను, నేను అడ్డు చెప్పను. తెల్లగా విరిగితే మాత్రం ఇంక ఆ మాట ఎత్తొద్దు."

సుమిత్ర సీసా అందుకుని గబగబా బయటికి నడిచింది.

"పుష్పా, జర నాతోని రావే. నాకు భయమైతాంది."

పాపను వెనకే వచ్చిన భాస్కర్ చేతికిచ్చి అక్కాచెల్లెళ్లు క్లినిక్ వెనక్కి వెళ్లారు. పాప భాస్కర్ చొక్కా గుండీ పట్టుకుంది. వాళ్లు తిరిగొచ్చేదాకా అతను దాన్ని విడిపించుకోలేదు.

పుష్ప పాపను తీసుకుని బెంచీ మీదే ఉండిపోయింది. సుమిత్ర భర్తతో లోపలికొచ్చి సీసా ఇచ్చింది. డాక్టర్ గాజు గొట్టంలోకి కొంచెం వంచి, స్పిరిట్ దీపం వెలిగించాడు.

"ఆడపిల్లయితే మా అమ్మ పేరు పెడ్దం," అంది సుమిత్ర, భర్త చెవిలో.

"ముందుగాల పరీక్ష కానియ్యి."

"మంచిగనే ఉంటది, సూడు."

గొట్టంలో బుడగలు లేచాయి. చూస్తుండగానే తేట నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. డాక్టర్ ఏదో ఆమ్లం రెండు చుక్కలు వేశాడు. ఆ తెలుపు పోలేదు.

"మూత్రంలో ప్రొటీన్ చాలా ఎక్కువగా పోతోందమ్మా, కిడ్నీలు దెబ్బతిన్నాయి. మీ అమ్మకు వచ్చిందే. పిల్లల మాట అటుంచు, ముందు వైద్యం మొదలుపెట్టాలి. లేకపోతే ప్రాణానికే ముప్పు."

భాస్కర్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీ సుమిత్రా. నువ్వుంటే సాలు నాకు."

ఆమెకు ఆ మాట వినపడలేదు. తలుపులోంచి బయటికే చూస్తోంది. పుష్ప కొంగు కప్పుకుని పాపకు పాలిస్తూ, ఏదో కూనిరాగం తీస్తోంది.

"పుష్పకు షుగరు లేదు సార్," అంది సుమిత్ర. "ఎన్నడు జరం గూడ రాలే దానికి."

"ఇప్పుడు ఆమె సంగతి ఎందుకమ్మా?"

సుమిత్ర బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"సీసాల ఉన్నది దానిదే సార్!"