తలుపుకి కిటికీ

"గడియ తియ్యి మేస్త్రీ," అంది బయటి నుంచి డైరెక్టరమ్మ.

"తియ్యను మేడమ్. ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?"

ఆకాశంలో తిరిగే ఎక్స్‌రే టెలిస్కోపులో కెమెరాకి అడ్డంగా ఉండే తలుపు అతను చేసిందే. అందుకే ఆఫీసంతా మేస్త్రి అంటారు. పైకెళ్ళాక మూడుసార్లు ఆజ్ఞ పంపినా ఆ తలుపు తెరుచుకోలేదు. పదేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని, పొద్దున్నే వచ్చి పరికరాల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

"పైనున్న ఆ తలుపుని ఇంకోసారి గట్టిగా తోయించండి మేడమ్. విరిగితే విరుగుతుంది."

"విరిగితే కెమెరా కూడా పోతుంది. ముందు ఈ కాయితం చూడు."

తలుపు కిందనుంచి ఒక గ్రాఫు లోపలికి జారింది. చదునుగా ఉండాల్సిన గీత కుడివైపున కొండలా లేచింది.

"తలుపు మూసుంటే ఇదెలా వచ్చింది?"

"నేలమీద పరీక్షలకని ఆ తలుపులో పల్చటి రేకుతో కిటికీ పెట్టావు, గుర్తుందా? తలుపుకి మళ్ళీ కిటికీ ఏవిటి, చాదస్తం కాకపోతే, అని నేనే తిట్టాను. నీరసపు కిరణాలు అక్కడే ఆగిపోయాయి. గట్టివి దూసుకొచ్చేశాయి. చచ్చిన నక్షత్రంలోని ఇనుము కనిపిస్తోందయ్యా!"

అతను కళ్ళు తుడుచుకుని గడియ లాగాడు. మళ్ళీ లాగాడు.

"మేడమ్... ఇది కూడా రావడం లేదు."

బయట నవ్వు, ఆ వెనకే ఆవిడ నేలమీద చతికిలబడ్డ చప్పుడు.

"బాదకు. వడ్రంగికి కబురు పెడతా. ఈలోగా మిగతా పేజీలు చదువుతా. నా మాట వినిపిస్తోందిగా?"

మేస్త్రి తలుపుకి చెవి ఆనించాడు.

"వినిపిస్తోంది మేడమ్."