కూర్చున్న మనిషి

"నిజం చెప్పండి, ఈ బొమ్మలో ఉన్నది మీరేనా?"

భార్య అలా అడిగేసరికి రిటైర్డ్ హెడ్ క్లర్కు చెయ్యి చొక్కా గుండీల మీదికి పోయింది. ఆర్ట్ కాలేజీ ప్రదర్శనలో ఓ పెద్ద బొమ్మ ముందు నిలబడి ఉన్నారిద్దరూ. కింద చీటీ మీద 'కూర్చున్న మనిషి' అని రాసుంది. మనిషి మాత్రం కూర్చున్నట్టు లేడు, ఇల్లు మారేటప్పుడు లారీలో సర్దినట్టున్నాడు. కళ్లు రెండూ ఒకే చెంప మీద. మోకాలు ఉండాల్సిన చోట నీలం డబ్బా. పొట్ట ఒక్కటే గుండ్రంగా, ఏ లోటూ లేకుండా ఉంది.

ఆ పొట్టే కొంప ముంచింది. ముందురోజు ఇక్కడికొచ్చిన ఆడపడుచు, అది తమ పుట్టింటి పొట్టేననీ, పైగా అన్నయ్య ఒంటి మీద చొక్కా కూడా లేదనీ వదినకి ఫోన్ చేసి చెప్పింది.

మంగళవారాలు లైబ్రరీకని బయల్దేరి, ఇక్కడ చొక్కా విప్పి విద్యార్థుల ముందు కూర్చుంటున్నాడని తేలితే, ముప్పై నాలుగేళ్లు ఇస్త్రీ మడత నలగకుండా కాపాడుకున్న పరువు చుట్టాల నోళ్లలో పడుతుంది. అయితే ఆధునిక చిత్రకళ ఆయన పక్షాన ఉంది.

"నా కళ్లు రెండూ ఒకే పక్కనున్నాయా?"

"లేవు."

"మోకాలు నీలంగా ఉందా? మా చెల్లెలికి గోడ మీద చెమ్మలో కూడా చుట్టాలే కనిపిస్తారు."

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, బొమ్మకి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లింది. నాలుగడుగులు వెనక్కొచ్చి, తల పక్కకి వంచి మళ్లీ చూసింది. చివరికి, మీరు కాదులెండి అని తేల్చేసింది. పోయిన ప్రాణం తిరిగొచ్చి, ఆయన తలుపు వైపు నడిచాడు.

"ఎవరో గానీ, పాపం, కూర్చోవడం చేతకాదు," అందావిడ వెనకాలే వస్తూ. "ఆ ఎడమ భుజం చూడండి, ఎలా జారిపోయిందో."

తలుపు పదడుగుల దూరంలో ఉంది. నోరు మూసుకుని వెళ్లిపోవచ్చు. కానీ మంగళవారం పట్టిన నడుం ఇంకా వదల్లేదు.

"కదలకుండా కూర్చోవడమంటే మాటలనుకున్నావా? ఒక్క గంట కూర్చుని చూడు, తెలుస్తుంది," అన్నాడు ఉండబట్టలేక.

ఆవిడకి ఆయన్ని మించిన రోషం వచ్చింది.

"గంటేమిటి, శుక్రవారం శుక్రవారం ఆ పక్కగదిలో మూడేసి గంటలు కూర్చుంటున్నాను. నా భుజం ఎప్పుడైనా జారిందేమో ఆ పిల్లల్నే అడగండి."