ఏడో సీటు ఫైలు

తప్పు మీదే, పెద్దసార్లూ! అంబులెన్సు కాల్ సెంటర్లో ఏడో సీటు అక్క గుండెల్లో నొప్పంటే షిఫ్టయ్యాక చూద్దామన్నారు. కుర్చీలోనే పోయింది. ఆ రాత్రి రికార్డింగు చెరిపేసి చేతులు దులుపుకున్నారు.

పదకొండు రోజులకు సర్వర్లో డిస్కు దాదాపు నిండిపోయింది. పూర్తిగా నిండితే కాల్స్ అందవు. సిస్టమ్స్ చూసే అమ్మాయి, కనిపించే ఫైళ్ల సైజులన్నీ కూడి చూస్తే సగం డిస్కు కూడా కాలేదు. పేరు చెరిపేసినా, ఏదో ప్రోగ్రాం దాన్ని తెరిచి పట్టుకుని ఉన్నంతసేపూ ఫైలు చోటు వదలదు. అలాంటివి వెతికితే ఒక్కటే దొరికింది. ఏడో సీటు రికార్డింగు.

మేనేజరుకు ఫోన్ చేసింది.

"ఆ ప్రోగ్రాం చంపేసెయ్ తల్లీ, నా నిద్ర చంపకు."

"అది ఇంకా పెరుగుతోంది సార్. ఆ సీట్లో ఎవరూ లేరు."

ఫోన్ పెట్టెయ్యకుండానే ఆ రికార్డింగు తెరిచి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. తర్వాత, లైన్లోనే ఉండండని ఊరందరికీ ధైర్యం చెప్పిన ఆ గొంతే పలికింది.

"లైన్లోనే ఉన్నా చెల్లీ. ఎవరైనా వస్తున్నారా?"

మేనేజరు ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. అమ్మాయి అతనితో అంది.

"చంపను సార్. తెల్లారేసరికి డిస్కు నిండుతుంది. ఈలోగా మీరే రండి. ఆ కుర్చీలో కూర్చుని ఆమెకు జవాబు చెప్పండి."